పోర్టల్ మారింది.. మీ గుంటల లెక్క మారిందేమో చూసుకున్నారా?

పాత సాఫ్ట్‌వేర్ నుంచి కొత్తదానికి ప్రభుత్వ రికార్డులు మారేటప్పుడు ఏం జరుగుతుంది? గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ భూముల సంగతేంటి? మీరు ఏం చూసుకోవాలి?

మీరు ఉండేది హైదరాబాద్‌లో. ఊళ్లో, గద్వాల పక్కనో వనపర్తి పక్కనో, నాన్న పేరు మీద కొంత భూమి ఉంది. ఫోన్‌లో భూభారతి పోర్టల్ తెరిచి సర్వే నంబరు కొట్టారు. విస్తీర్ణం దగ్గర 2.20 అని కనిపించింది అనుకుందాం. అంటే ఎంత భూమి?

తెలంగాణ రెవెన్యూ లెక్కలో అది రెండెకరాల ఇరవై గుంటలు. ఎకరానికి 40 గుంటలు కాబట్టి సరిగ్గా రెండున్నర ఎకరాలు. అదే తుంగభద్ర దాటి కర్నూలు వైపు వెళ్తే 2.20 అంటే రెండెకరాల ఇరవై సెంట్లు. అక్కడ ఎకరానికి 100 సెంట్లు. అంకె ఒక్కటే, తేడా మాత్రం 12 గుంటలు. మన భాషలో చెప్పాలంటే 1,452 గజాలు.

ఈ తేడా తహసీల్దార్ ఆఫీసులో పనిచేసే ఎవరిని అడిగినా చెప్తారు. కంప్యూటర్‌కు మాత్రం తెలియదు. ఎవరో ఒకరు దానికి నియమం రాసిపెట్టాలి. పాత సాఫ్ట్‌వేర్‌లో ఆ నియమం ఉండి ఉంటుంది. దాన్ని పక్కనపెట్టి కొత్తది తెచ్చినప్పుడు ఆ నియమం కూడా వెంట వచ్చిందా? ఈ కథనంలో అసలు ప్రశ్న ఇదే.

ఎన్నిసార్లు మారాయి ఈ రికార్డులు?

గద్వాల, వనపర్తి, కొల్లాపూర్ ఒకప్పుడు నిజాం రాజ్యంలోని సంస్థానాలు. సేత్వార్, 1954-55 నాటి ఖాస్రా పహాణీ, ఆ తర్వాత ఏటా రాసిన పహాణీలు.. ఇక్కడి భూములకు మూలం ఈ కాగితాలే. కంప్యూటర్లు వచ్చాక వీటి ప్రయాణం చూడండి.

1998 నవంబర్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్ ఆఫీసుల కంప్యూటరీకరణ 'కార్డ్' పేరుతో మొదలైంది. ఏ ఆఫీసు కంప్యూటర్లు, ఏ ఆఫీసు డేటా ఆ ఆఫీసులోనే ఉండేవి. ఇప్పటికీ ఆన్‌లైన్‌లో ఈసీ 1983 నుంచే వస్తుంది. అంతకుముందు లావాదేవీలు కావాలంటే పాత రిజిస్టర్లు వెతకాల్సిందే.

భూమి రికార్డులు కూడా మొదట మండల ఆఫీసు కంప్యూటర్లలోకి ఎక్కాయి. తర్వాత 'వెబ్‌ల్యాండ్' పేరుతో ఒకే చోటికి చేరాయి. 2011లో మీసేవ వచ్చాక పహాణీ, వన్‌బీ నకళ్లు కౌంటర్‌లో దొరకడం మొదలైంది.

2016 అక్టోబర్ 11న మహబూబ్‌నగర్ జిల్లా నుంచి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు ఏర్పడ్డాయి. ఊరు, పొలం ఎక్కడివి అక్కడే ఉన్నాయి. కంప్యూటర్‌లో మాత్రం చాలా ఊళ్లకు జిల్లా పేరు, కొన్నింటికి మండలం పేరు కూడా మారాయి.

2017 సెప్టెంబర్‌లో భూరికార్డుల ప్రక్షాళన మొదలైంది. వివాదం లేని భూముల్ని పార్ట్-ఏలో, ఉన్నవాటిని పార్ట్-బీలో పెట్టారు. పార్ట్-ఏ రైతులకు 2018లో కొత్త పాస్‌బుక్‌లు, ఆ వెంటే రైతుబంధు వచ్చాయి.

2020 అక్టోబర్ 29న ధరణి మొదలైంది. 2024 చివర్లో దాని నిర్వహణ ప్రైవేటు సంస్థ నుంచి ఎన్ఐసీకి వెళ్లింది. 2025 ఏప్రిల్ 14న నాలుగు మండలాల్లో ప్రయోగాత్మకంగా భూభారతి ప్రారంభమైంది. ఆ జూన్‌లో రాష్ట్రమంతా రెవెన్యూ సదస్సులు పెట్టి దరఖాస్తులు తీసుకున్నారు.

అంటే పాతికేళ్లలో మీ నాన్న పేరు, సర్వే నంబరు, గుంటలు కనీసం నాలుగైదు సార్లు ఒక చోటు నుంచి మరో చోటికి మోసుకొచ్చారు. సామాను ఇల్లు మారిన ప్రతిసారీ ఏదో ఒక డబ్బా పోతుంది. డేటా కూడా అంతే.

పాతదాన్ని అలాగే ఉంచొచ్చు కదా?

ఉంచలేరు. 1990ల్లో, 2000ల మొదట్లో మన దేశంలో ఆఫీసులు, సహకార సంఘాలు, బడులు, షాపులు ఎక్కువగా వాడినవి ఫాక్స్‌ప్రో, ఎంఎస్ యాక్సెస్, విజువల్ బేసిక్. ఒక కంప్యూటర్‌లో పెట్టుకుంటే చాలు. ఇంటర్నెట్ అక్కర్లేదు. కరెంటు ఉంటే పని నడిచేది.

వీటిలో ఫాక్స్‌ప్రో, పాత విజువల్ బేసిక్ వెనక ఇప్పుడు కంపెనీ మద్దతు లేదు. ఫాక్స్‌ప్రోకు కొత్త వెర్షన్ ఉండదని మైక్రోసాఫ్ట్ 2007లోనే చెప్పేసింది. చివరి వెర్షన్‌కు మద్దతు 2015 జనవరితో ఆగింది. విజువల్ బేసిక్ 6లో ప్రోగ్రామ్‌లు రాసే టూల్‌కు 2008 ఏప్రిల్‌తో మద్దతు ముగిసింది. డాస్ కాలంలో రాసిన ప్రోగ్రామ్‌లైతే ఇప్పటి 64 బిట్ విండోస్‌లో నేరుగా తెరుచుకోవు.

ఇంకో సంగతి. ఫాక్స్‌ప్రో టేబుల్ అయినా, యాక్సెస్ ఫైలు అయినా 2 జీబీ దాటకూడదు. ఫైలు ఎవరి చేతికి చిక్కితే వాళ్లు కాపీ చేసుకోవచ్చు, మార్చొచ్చు. ఎవరు మార్చారో చాలాసార్లు నమోదు కాదు. హార్డ్‌డిస్క్ పోతే అంతే సంగతులు. కాబట్టి మార్చడం తప్పు కాదు, మార్చాల్సిందే. ఎలా మార్చారన్నదే లెక్క.

మోసుకొచ్చేటప్పుడు జారిపోయేవి ఏవి?

సాఫ్ట్‌వేర్ మార్పిడి అనగానే అందరూ కొత్త స్క్రీన్ గురించి మాట్లాడతారు. బటన్లు బాగున్నాయా, మొబైల్‌లో తెరుచుకుంటోందా అని. అసలు నష్టం కంటికి కనిపించని చోట జరుగుతుంది. ఇవి ఏ ఆఫీసు డేటాకైనా, ఏ ఊళ్లోనైనా ఉండే చిక్కులు.

గుంటల లెక్క: 1.30, 1.30 కలిపితే కాలిక్యులేటర్ 2.60 చూపిస్తుంది. నిజానికి అది 3.20, అంటే మూడెకరాల ఇరవై గుంటలు. గుంటల స్థానంలో 40 గానీ అంతకుమించి గానీ ఎక్కడ కనిపించినా లెక్క తప్పిందని అర్థం. పాత ప్రోగ్రామ్‌లో ఈ నియమం కోడ్ లోపల ఉంటుంది, డేటాలో ఉండదు. డేటా ఒక్కటే తీసుకొస్తే నియమం అక్కడే ఉండిపోతుంది.

సర్వే నంబర్లు: 3/12 అని ఎక్సెల్‌లో పడగానే అది డిసెంబర్ 3 అయిపోతుంది. డేటా మార్చేటప్పుడు మధ్యలో ఎక్సెల్ వాడని ఆఫీసు అరుదు. నంబరు ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. ఎక్సెల్ 15 అంకెల వరకే కచ్చితంగా దాచుకుంటుంది. 16 అంకెల బ్యాంకు ఖాతా నంబరును సంఖ్యగా ఎక్కిస్తే చివరి అంకె సున్నా అయిపోతుంది.

తెలుగు పేర్లు: పాత కంప్యూటర్లలో తెలుగు యూనికోడ్‌లో ఉండేది కాదు. ఒక్కో ఫాంట్‌కు ఒక్కో లెక్క. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. మార్చే ప్రోగ్రామ్‌లు ఉన్నాయి గానీ, 'లక్ష్మమ్మ' లాంటి పేర్లలో వత్తుల దగ్గర తడబడతాయి. పాస్‌బుక్‌లో ఒక స్పెల్లింగ్, ఆధార్‌లో ఇంకొకటి అయితే ఇబ్బంది పడేది ఆమే.

చెరిపేసిన ఎంట్రీలు: ఇది చాలామందికి తెలియదు. ఫాక్స్‌ప్రోలో ఒక ఎంట్రీని డిలీట్ చేస్తే వెంటనే పోదు. 'పోయింది' అని ఒక గుర్తు పడుతుంది, అంతే. పాత ప్రోగ్రామ్ ఆ గుర్తు చూసి దాన్ని దాస్తుంది. కొత్త టూల్ ఆ గుర్తును పట్టించుకోకపోతే ఎప్పుడో అమ్మేసిన మనిషి పేరు మళ్లీ లేచి కూర్చుంటుంది.

కాలమ్‌లు: కొత్త సాఫ్ట్‌వేర్‌లో ఆ కాలమ్‌కు చోటు లేకపోతే అందులోని సమాచారం అంతటితో ఆగిపోతుంది. ఇది సాంకేతిక నిర్ణయంలా కనిపిస్తుంది. కాదు. ఆ కాలమ్ ఎవరిదో వాళ్ల హక్కుకు సంబంధించిన నిర్ణయం.

ధరణిలో ఏం జరిగింది?

ధరణికి ముందు పొలం కొంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్ట్రేషన్, తర్వాత మ్యుటేషన్ కోసం తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరుగుడు. ధరణి ఈ రెండింటినీ ఒకే రోజు, ఒకే చోట అయ్యేలా చేసింది. స్లాట్ బుక్ చేసుకుని వెళ్తే పని పూర్తి. పార్ట్-ఏలో అన్నీ సరిగ్గా ఉన్న రైతుకు ఇది నిజంగా మేలే. ఆ మాట చెప్పకుండా ధరణిని తిట్టడం న్యాయం కాదు.

రికార్డు సరిగ్గా లేనివాళ్ల సంగతి వేరు. మూడు చోట్ల తేడా వచ్చింది.

ఒకటి, పాత పహాణీలో పట్టాదారు పేరు పక్కనే అనుభవదారు కాలమ్ ఉండేది. భూమి ఎవరి పేరున ఉంది, సాగు ఎవరు చేస్తున్నారు అనేవి రెండూ కనిపించేవి. ధరణిలో అనుభవదారు కాలమ్ లేకుండా పోయింది. కౌలు రైతుకు, సాదాబైనామాతో కొనుక్కుని ఏళ్లుగా దున్నుకుంటున్న మనిషికి ఉన్న ఆధారం అదే. కౌలు పేరుతో భూమి చేజారుతుందన్న యజమానుల భయం కూడా నిజమే కావచ్చు. కానీ దానిపై తేల్చాల్సింది చర్చించి, అందరికీ చెప్పి.

రెండు, నిషేధిత జాబితా. జూరాల, నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి ఎత్తిపోతల.. ఈ మూడు జిల్లాల్లో కాలువలకు, రిజర్వాయర్లకు భూసేకరణ జరగని ప్రాంతం తక్కువ. ఒక సర్వే నంబర్‌లో కొంత భాగమే తీసుకున్నా మొత్తం నంబరుకు తాళం పడిందన్నది ధరణిపై రాష్ట్రమంతా వినిపించిన ఫిర్యాదు. తాళం ఉపవిభాగానికి వేయాలా, సర్వే నంబరుకు వేయాలా అన్నది సాఫ్ట్‌వేర్ రాసేటప్పుడు తీసుకునే చిన్న నిర్ణయం. పక్క రైతుకు మాత్రం కూతురి పెళ్లికి పొలం అమ్ముకోలేని కష్టం.

మూడు, సరిదిద్దే చెయ్యి. 2020 చట్టాల సమయంలోనే వీఆర్వో వ్యవస్థ రద్దయింది. వీఆర్వోలపై అవినీతి ఆరోపణలు వచ్చినమాట నిజం. అయితే ఏ సర్వే నంబరు ఎవరిది, ఏ గట్టు ఎక్కడ అన్నది కంప్యూటర్ బయట తెలిసిన మనిషి కూడా వాళ్లే. డేటా కొత్త ఇంటికి మారుతున్న సమయానికే పాత ఇంటి సంగతులు తెలిసినవాళ్లు లేకుండా పోయారు. తహసీల్దార్‌కు తప్పులు సరిచేసే అధికారం కూడా లేకపోవడంతో పేరులో అక్షరం తప్పినా, గుంటలు తగ్గినా టీఎం-33 లాంటి మాడ్యూళ్లలో దరఖాస్తు పెట్టి ఎదురుచూడాల్సి వచ్చింది.

తప్పు జరగడం పెద్ద విషయం కాదు. లక్షల ఎంట్రీలు మారేటప్పుడు తప్పులు తప్పవు. తప్పు దిద్దే కౌంటర్ లేకుండా కొత్త సాఫ్ట్‌వేర్ తెరవడమే అసలు సమస్య.

డబ్బుల్లో చెప్పాలంటే ఎంత?

రైతుభరోసా ఎకరానికి సీజన్‌కు రూ.6 వేలు. రెండున్నర ఎకరాలకు రూ.15 వేలు. అదే 2.20ని మామూలు దశాంశంగా లెక్కిస్తే రూ.13,200. సీజన్‌కు రూ.1,800 తేడా, ఏడాదికి రూ.3,600.

ఇది చిన్నదే. పెద్దది వేరే ఉంది. రైతు చనిపోతే కుటుంబానికి రూ.5 లక్షలు ఇచ్చే రైతుబీమాకు కూడా రికార్డులో పట్టాదారుగా పేరు ఉండాలి. పేరు పార్ట్-బీలో ఇరుక్కుంటే పంట పెట్టుబడి, బ్యాంకు రుణం, బీమా అన్నిటికీ ఒకేసారి తలుపు మూసుకుంటుంది.

సరిగ్గా చేయాలంటే ఎలా?

కృష్ణ అవతల రాయచూరు ఉంది. అక్కడ 'భూమి' పేరుతో కర్ణాటక తన రికార్డుల్ని 2000ల మొదట్లో కంప్యూటర్లోకి ఎక్కించింది. డేటా కొట్టాక ప్రింట్లు తీసి, గ్రామ లెక్కాధికారులతో పాత రిజిస్టర్లతో సరిచూయించింది. మార్పులు చేసే ఉద్యోగి వేలిముద్ర వేసి లాగిన్ అవ్వాలన్న పద్ధతి పెట్టింది. అక్కడా ఇబ్బందులు లేకపోలేదు. కానీ సరిచూడటాన్ని పనిలో భాగం చేసింది.

సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఈ పద్ధతులు కొత్తవి కావు. మార్పిడికి ముందు ప్రతి ఊరికీ మొత్తం ఎన్ని ఖాతాలు, ఎన్ని సర్వే నంబర్లు, ఎన్ని ఎకరాలు అని లెక్క తీయాలి. మార్చాక మళ్లీ తీయాలి. రెండూ కలవకపోతే ఆ ఊరిని ఆపాలి. కొన్నాళ్లు పాతది, కొత్తది రెండూ పక్కపక్కన నడపాలి. కొత్తది కుదురుకున్నాక కూడా పాతదాన్ని మార్చే వీల్లేకుండా, చూసే వీలుతో ఉంచాలి. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో నమోదు కావాలి.

వీటన్నిటికంటే ముఖ్యమైంది ఒకటుంది. కొత్త లెక్కను ఊళ్లో గోడ మీద అంటించి, ప్రజలు చూసి చెప్పడానికి గడువు ఇవ్వాలి. తన పొలం ఎన్ని గుంటలో రైతు కంటే బాగా తెలిసిన సర్వర్ ఏదీ లేదు.

భూభారతిలో కొన్ని తలుపులు మళ్లీ తెరిచారు. తహసీల్దార్ ఉత్తర్వుపై ఆర్డీవోకు, ఆపై కలెక్టర్‌కు అప్పీలు చేసుకోవచ్చు. ధరణిలోని 33 మాడ్యూళ్లను ఆరుకు తగ్గించినట్లు ప్రభుత్వం చెప్పింది. ఊళ్లకు గ్రామ పాలన అధికారుల్ని నియమించారు.

అయితే ఇంకో పెద్ద మార్పిడి ముందుంది. ఈ చట్టం ప్రకారం ప్రతి భూకమతానికీ ఆధార్ తరహాలో 'భూధార్' నంబరు ఇవ్వాలి. అంటే సర్వే నంబరు చుట్టూ అల్లిన రికార్డు అంతా కొత్త నంబరుకు ముడిపడాలి. ఇప్పుడున్న తప్పుతోనే భూధార్ పడితే ఆ తప్పుకు కూడా ఒక నంబరు వచ్చేస్తుంది.

మీరేం చేయాలి?

ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ గ్రూపులో పెడితే సరిపోదు. ఈసారి ఊరికి వెళ్లినప్పుడు ఒక రోజు దీనికి కేటాయించండి.

1. భూభారతి పోర్టల్‌లో భూమి వివరాలు తెరవండి. పాస్‌బుక్ పక్కన పెట్టుకుని పేరు, తండ్రి లేదా భర్త పేరు, సర్వే నంబరు ఉపవిభాగంతో సహా, విస్తీర్ణం అన్నీ ఒక్కొక్కటిగా చూడండి.

2. గుంటలు కలపండి. కాలిక్యులేటర్ వద్దు. గుంటలు విడిగా కూడండి, 40 దాటితే ఎకరం చేయండి. మొత్తం పాస్‌బుక్‌లోని మొత్తంతో కలవాలి.

3. మీ సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉందేమో అదే పోర్టల్‌లో చూడండి. కాలువకో రోడ్డుకో కొంత భాగం పోయి ఉంటే, ఎంత పోయిందో చెప్పే భూసేకరణ కాగితం బయటికి తీయండి.

4. పాత కాగితాలు పారేయకండి. పాత టైటిల్ డీడ్, పాస్‌బుక్, శిస్తు రసీదులు అన్నీ ఉంచండి. ధరణికి ముందటి పహాణీల సర్టిఫైడ్ నకళ్లకు తహసీల్దార్ ఆఫీసులో దరఖాస్తు చేసుకోండి. అవసరమైతే ఖాస్రా పహాణీ నకలు కూడా తీసుకోండి. కొత్త డేటా తప్పని చూపించేది పాత కాగితమే.

5. ఈసీ తీయండి. ఎప్పుడో జరిగిన అమ్మకం రికార్డులో ఎక్కలేదేమో, మీకు తెలియని లావాదేవీ ఏదైనా ఉందేమో తెలుస్తుంది.

6. ఆధార్, పాస్‌బుక్, బ్యాంకు ఖాతా.. మూడింట్లో పేరు ఒకేలా ఉందా చూడండి. ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే సరిచేయించండి. తర్వాత విరాసత్ చేసుకునేటప్పుడు ఇదే అడ్డం వస్తుంది.

7. తప్పు కనిపిస్తే నోటిమాటగా చెప్పి రాకండి. దరఖాస్తు పెట్టి నంబరు తీసుకోండి. తిరస్కరిస్తే కారణంతో ఉత్తర్వు అడగండి. అది చేతిలో ఉంటేనే అప్పీలుకు దారి.

భూమి లేకపోతే నాకెందుకు అనుకోకండి. జనన ధ్రువపత్రం, మార్కుల మెమో, సహకార సంఘం అప్పు ఖాతా, ఇంటి పన్ను.. అన్నీ ఇదే దారిలో నడుస్తున్నాయి. ఊరి సహకార సంఘాల లెక్కల్ని దేశమంతటికీ ఒకే సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చే పథకానికి కేంద్రం 2022 జూన్‌లోనే ఆమోదం తెలిపింది. మీ నాన్న తీర్చేసిన పాత అప్పు కొత్త సాఫ్ట్‌వేర్‌లో కూడా తీరినట్లే ఉందా?

ఈ ప్రశ్న అడగడానికి కంప్యూటర్ తెలియాల్సిన పనిలేదు. పాత రసీదు ఉంటే చాలు. దాన్ని పట్టుకుని ఒకసారి కౌంటర్ దగ్గరికి వెళ్లండి.